ఒత్తు లేని కాఫీ

మామయ్యకి,

మేనకోడలు చిట్టి నమస్కారాలు. నేను బాగున్నాను. నువ్వూ అత్తయ్యా బాగున్నారనుకునే రాస్తున్నాను. కాకపోతే వెంటనే జవాబు రాయి.

ఫోనులో నీకు సగం మాటలు వినపడవు, వినపడని సగం నువ్వే కల్పించుకుంటావు కాబట్టి ఉత్తరమే నయం. ఉద్యోగం దొరికింది మామయ్యా! ఊరికి కొత్తగా వచ్చేవాళ్ళకి దారి చూపించే చిన్న చిన్న పుస్తకాలు వేసే ఆఫీసు. రెండు గదులు, నాలుగు బల్లలు, మా పెద్దాయన. ఆయన ఏ కాగితమైనా లేచి నిలబడి పైకి చదువుతారు, కరెంటు బిల్లు కూడా.

నాకు అప్పగించిన పని వింటే నువ్వు సంతోషిస్తావు. ఊళ్ళో మంచి కాపీ కొట్లు ఏడు వెతికి, పేజీకొకటి చొప్పున రాయాలి. వీధివీధికీ ఒకే బోర్డుతో కనపడే పెద్ద కంపెనీలవి పనికిరావు. ఎవరో ఒకరు సొంతంగా, సొంత తెలివితో నడిపేవే కావాలి. ఆ ఏడు పేజీలూ నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే పెట్టె సర్దుకోవడమే. నాకేం బెంగ లేదు, నచ్చుతాయి.

తిరగడం మొదలుపెట్టాక ఒకటి అర్థమైంది. మంచి కాపీ కొట్టు బోర్డు చూస్తే దొరికేది కాదు. అసలైనవన్నీ సందుల్లో, మెట్ల కింద, వెనక గదుల్లో ఉన్నాయి. తెలిసినవాళ్ళు మాత్రమే వెళ్తారు. వాళ్ళకి అడక్కుండానే ఇచ్చేస్తారు. కోర్టు వెనక ఉన్నదానికి లాయర్లు వరస కట్టి వస్తారు. కాలేజీ పక్కన ఉన్నదాంట్లో అయితే పరీక్షల రోజుల్లో నిలబడడానికి కూడా చోటుండదట. నేను చూసేది ఒక్కటే, పక్కవాడికి ఇచ్చిందీ నాకు ఇచ్చిందీ తేడా లేకుండా ఒకేలా ఉండాలి. మంచి కాపీకి అదే గుర్తు.

అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ గారాల మేనకోడలు,
చిట్టి

తా.క. నా రాత ఇంకా బాగుపడలేదని దెప్పకు. ఇంత తిరుగుడులో కొమ్ములూ ఒత్తులూ పెట్టే తీరిక ఎక్కడిది?

* * *

చిరంజీవి చిట్టికి,

ఆశీర్వదించాలా వద్దా అని ఒక రాత్రంతా ఆలోచించి, చివరికి ఆశీర్వదించి మామయ్య రాస్తున్నది.

నీ ఉత్తరం నిలబడి చదవడం మొదలుపెట్టి, కూర్చుని పూర్తి చేశాను. కాపీ కొట్లు! అవీ మెట్ల కింద! అడక్కుండానే ఇస్తారా! జిరాక్సు దుకాణాలేమోనని మొదట నీ తరఫున నేనే వాదించుకున్నాను. కానీ జిరాక్సు దుకాణం వెనక గదిలో ఎందుకు దాక్కుంటుంది? పరీక్షల రోజుల్లో అక్కడ చోటెందుకు దొరకదు? అంతా అర్థమైంది. ఒత్తుల సంగతి తర్వాత చూద్దాం, ముందు బుద్ధి సంగతి చూడాలి.

నేనెవరినో మర్చిపోయావా? హెడ్మాస్టరుగా ఉన్నన్నాళ్ళూ, పరీక్షలొస్తే చుట్టుపక్కల స్కూళ్ళన్నీ కాపలాకి నన్నే పిలిచేవి. పిల్లలు నాకు గద్ద అని పేరు పెట్టారు. చివరి బెంచీలో ఎవడైనా చొక్కా చెయ్యి మడిస్తే, ఆ మడతలో ఏ పాఠం ఉందో గుమ్మం దగ్గర నుంచే చెప్పేవాణ్ణి. అలాంటివాడి మేనకోడలు కాపీ కొట్లకి దారి చూపించే పుస్తకం రాస్తుందా? నలుగురూ వింటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

అనుభవం కొద్దీ చెబుతున్నాను, విను. కాపీ మొదట సరదాగానే మొదలవుతుంది. స్నేహితులు అలవాటు చేస్తారు. కొన్నాళ్ళకి అది లేనిదే చెయ్యి ఆడదు, మెదడు కదలదు. ఒక్కరోజు దొరక్కపోతే తల పట్టుకు కూర్చుంటారు. మన ఇంట్లో ఎవరూ దాని జోలికి పోలేదు. మీ అమ్మ ఎనిమిదో తరగతిలో ఒకసారి ఆశపడింది. నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. మళ్ళీ ముట్టలేదు.

ఈ పని నావల్ల కాదని మీ పెద్దాయనకి చెప్పేసెయ్.

నీ మంచి కోరే,
మామయ్య

తా.క. పక్కవాడిదీ నీదీ తేడా లేకుండా ఒకేలా ఉంటే అది మంచి కాపీ కాదమ్మా, పట్టుబడే కాపీ. ఈ మాట నేను చెప్పకూడదు, కలం జారింది.

* * *

మామయ్యకి,

నీ మీద కోపం వచ్చినా మర్యాద మర్చిపోని చిట్టి నమస్కారాలు.

నువ్వు మరీ ఇంత పాతకాలపు మనిషివని అనుకోలేదు. అమ్మకి కాపీ ఇష్టమనీ, నువ్వే మాన్పించావనీ నాకిప్పుడే తెలిసింది. పాపం అమ్మ! నువ్వంటే టీ మనిషివి, నీకు కాపీ విలువ ఏం తెలుస్తుంది?

ఈ రోజుల్లో కాపీ తప్పని ఎవరూ అనుకోవడం లేదు. ఇక్కడి పెద్ద డాక్టరు ఒక కాపీ కొడితే గానీ ఆపరేషను గదిలో అడుగు పెట్టరు. జడ్జిగారు మధ్యాహ్నం కాపీ కొట్టనిదే తీర్పు రాయరట, రాసినా అది సరిగ్గా రాదట. మా పెద్దాయన పొద్దున ఒకటి అందరి ముందూ, సాయంత్రం ఇంకొకటి వాళ్ళావిడకి తెలియకుండా కానిస్తారు. ఇంతమంది చెడిపోయారా? నేను కూడా రోజుకి మూడు నాలుగు చోట్ల కొడుతున్నాను. ఉద్యోగమే అది. పాలూ చక్కెరా లేకుండా నల్లగా, చేదుగా. అలా అయితేనే అసలు సంగతి బయటపడుతుంది.

ఆరు కొట్లు దొరికాయి. మెట్ల కింద ఉన్నదాన్ని ఒకప్పుడు గడియారాలు బాగుచేసినాయన నడుపుతున్నాడు. భూతద్దం కంటికి పెట్టుకునే అన్నీ కొలుస్తాడు. బల్ల ఊగుతుంది, అడిగితే ‘అది లోలకం’ అంటాడు. కోర్టు వెనకది అక్కాచెల్లెళ్ళది. ఇద్దరికీ మాటల్లేవు. అక్క తయారుచేసి గోడకున్న కంతలోంచి తోస్తే, చెల్లెలు మొహం తిప్పుకుని అందుకుంటుంది. తగువు దేనికో లాయర్లక్కూడా తెలియదు. కానీ ఆ కాపీ ఉందే, మామయ్యా, దాని కోసం నేనైతే ఇద్దరి తిట్లూ తింటాను.

ఏడోదాని కోసం తిరుగుతూనే ఉన్నాను. ఇక్కడ ఒకటే వాన.

నువ్వు మారతావని ఆశపడే,
చిట్టి

తా.క. నీ తాజాకలం నాకు బొత్తిగా అర్థం కాలేదు. పట్టుబడడమేమిటి? ఎవరు పడతారు?

* * *

చిరంజీవి చిట్టికి,

ఇంకా చిరంజీవి అనే పిలుస్తున్నందుకు నువ్వు సంతోషించాలి. మామయ్య రాస్తున్నది.

నా దగ్గరా గూఢ భాష? పరీక్ష హాల్లో పెన్సిలంటే మొదటి ప్రశ్ననీ, రబ్బరంటే రెండోదనీ, దగ్గొస్తే ‘తెలియదు’ అనీ కనిపెట్టినవాణ్ణి నేను. పాలంటే తెల్ల కాగితం. చక్కెరంటే పైన కలిపే సొంత మాటలు. అవేవీ లేకుండా నల్లగా అంటే, ఉన్నదున్నట్టు దించెయ్యడం. అవునా కాదా? ‘టీ మనిషివి’ అన్నావు. టీ అంటే టీచరనేగా? టీచరుకి కాపీ విలువ తెలియదా? మా జీవితమంతా దానితోనే గడిచింది.

గోడకి కంత పెట్టి అందిస్తున్నారా! మా రోజుల్లో కిటికీలోంచి విసిరేవారు, మేం ఏరేవాళ్ళం. ఇప్పుడు గోడలకే కంతలు పెట్టారన్నమాట. ఆ డాక్టరు పేరు మాత్రం తెలుసుకుని రాయి. జన్మలో ఆ ఆసుపత్రి గడప తొక్కను.

నిన్నింకా ఉత్తరాలతో మార్చగలనన్న నమ్మకం నాకు లేదు. అందుకే మీ పెద్దాయనకే రిజిస్టరు పోస్టులో సూటిగా రాశాను. ‘మీ దగ్గర పనిచేస్తున్న మా మేనకోడలు కాపీ వ్యవహారంలో పీకల దాకా మునిగింది. ఆమె చేతిరాతతో రుజువులున్నాయి. తమరు కూడా రోజుకి రెండుసార్లు అదే పని చేస్తున్నట్టు తెలిసింది. ఇద్దరూ మారండి’ అని. ఆయన పెద్దమనిషి అయితే సిగ్గుపడతాడు.

నీ కోసమే ఇదంతా. నిన్ను నా చేతుల మీద పెంచాను, నువ్వు చెడిపోతుంటే చూస్తూ కూర్చోలేను.

నిద్ర పట్టని,
మామయ్య

తా.క. మీ అత్తయ్య నా భుజం మీంచి నీ ఉత్తరం చదివి, ‘అది కాఫీ ఏమోనండీ’ అంది. ఆడవాళ్ళకి అన్నీ వంటగదిలోంచే కనపడతాయి. కొట్టిపారేశాను.

* * *

మామయ్యకి,

నమస్కారం ఒక్కటే. ఈసారికి అంతే.

ఏం చేశావో తెలుసా? పెద్దాయన నీ ఉత్తరం అలవాటు ప్రకారం లేచి నిలబడి పైకి చదివారు. నాలుగు బల్లలూ విన్నాయి. చదివాక నా పేజీలన్నీ సొరుగులో పడేసి, ‘ఇవన్నీ ఎవరి పుస్తకంలోంచి దించావమ్మా? సొంత మేనమామే రాస్తే నమ్మకుండా ఎలా?’ అన్నారు. నేను కాపీ కొట్టానట! నేను! తన రెండు కాపీల సంగతి నీకెలా తెలిసిందని ఆయన అడగలేదు గానీ, ఆ సాయంత్రం తెప్పించుకోలేదు.

ఎవరో మూడో మనిషి ఏడు చోట్లా తిరిగి, నేను రాసింది నిజమేనని సంతకం పెడితే తప్ప అచ్చుకి పంపరట. వచ్చే శనివారం దాకా గడువు. ఆ తర్వాత నా బల్ల ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఈ ఊళ్ళో నా కోసం పని మానుకుని ఏడు వీధులు తిరిగే మూడో మనిషి ఎవరున్నారు?

టైపు నేర్చుకోమన్నావు, నేర్చుకున్నాను, రాలేదు. కుట్టు నేర్చుకోమన్నావు, నీ చొక్కాకి మూడో చెయ్యి కుట్టినంత పని చేశాను. బ్యాంకు పరీక్ష రాయమన్నావు, దాని గురించి మాట్లాడుకోకపోవడమే మంచిది. ఇది ఒక్కటే నేనుగా వెతుక్కున్నది, నాకు నిజంగా చేతనైంది. అది కూడా నీ చేత్తో నువ్వే తీసేశావు. నాకు ఏడుపొస్తోంది మామయ్యా, కోపం అంతకంటే ఎక్కువ వస్తోంది.

నేను రాసిన ప్రతి ముక్కా నా కాళ్ళతో తిరిగి, నా నాలుకతో తాగి రాసింది. నమ్మకపోతే ఈ కాగితం వెనక ఏడు చిరునామాలూ ఉన్నాయి. వచ్చి చూసుకో.

చిట్టి

తా.క. ఉండబట్టలేక నిన్న ఫోను కూడా చేశాను. నువ్వే ఎత్తి, ‘రాంగ్ నంబరు, ఇక్కడ ఎవరూ కాపీలు కొట్టరు’ అని పెట్టేశావు.

* * *

చిరంజీవి చిట్టికి,

మామయ్య, మీ ఊళ్ళోంచే, స్టేషను ఎదురుగా ఉన్న లాడ్జి పై అంతస్తులోంచి రాస్తున్నది. కంగారు పడకు, కూర్చుని చదువు.

‘తాగి రాసింది’ అన్న మాట చదవగానే సంచి సర్దాను. కాపీకి తోడు తాగుడు కూడానా! బస్సు దిగి, మొహమైనా కడుక్కోకుండా మెట్ల కింద కొట్టుకి పోయాను. గుమ్మంలో నిలబడి, ‘ఎవరూ కదలొద్దు! చేతులు బల్ల మీద పెట్టండి!’ అని అరిచాను. అందరూ పెట్టారు. నా గొంతులో ఇంకా అంత పస ఉందని తెలిసి కొంచెం గర్వపడ్డాను కూడా. ఒకాయన చీటీ ఒకటి గుప్పిట్లో దాచబోయాడు. లాక్కున్నాను. అందులో ఏముందో తెలుసా? ‘కాఫీ ఒకటి, చక్కెర తక్కువ.’

‘ఫ’ కింద ఒత్తు, చిట్టీ. నిండుగా, నల్లగా, గుమ్మంలోంచి కూడా కనపడేంత ఒత్తు.

ఇక నిలబడలేక కూర్చున్నాను. బల్ల ఊగింది. భూతద్దం ఆయన ఏమీ అడక్కుండా ఒక కప్పు తెచ్చి పెట్టాడు. మొదటి గుక్క చేదుగా తగిలింది. సగం కప్పు అయ్యేసరికి నీకు ఎంత అన్యాయం చేశానో అర్థమై, కప్పు పక్కన పెట్టేశాను. నన్ను క్షమించు తల్లీ. అక్షరం ఎలా ఉంటే అలా చదివానే గానీ, రాసిందెవరో చూడలేదు.

తిన్నగా మీ ఆఫీసుకి పోయాను. నువ్వు బయట తిరుగుతున్నావన్నారు. మీ పెద్దాయనకి సంగతంతా చెబితే, ఆయన నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నారు. ఆ మూడో మనిషిని నేనే అవుతానన్నాను. నీ పేజీలు నా చేతికిచ్చారు.

ఆ పేజీలు నిన్నా ఇవాళా పట్టుకుని తిరిగాను. ఎంత బాగా రాశావే! అక్కాచెల్లెళ్ళ కొట్టు దగ్గర కంతలో చెయ్యి పెట్టబోయి అక్క చేత నేను తిన్న తిట్టు కూడా నీ పేజీలో ఉంది. ప్రతి కొట్టుకీ ఒక లోపం రాశావు. ఊగే బల్ల, తలుపు కీచు, ఓనరు కోపం. మనిషి అక్కడ కూర్చుంటే తప్ప అవి కనపడవు. నా కళ్ళు చెమర్చాయి.

తర్వాత ఏడో పేజీ చదివాను. ‘మధురానుభూతుల నెలవు, మనసుకి మలయమారుతం.’ లోపమంటూ ఒక్కటీ లేదు. పక్కవాడి పేపర్లోంచి వచ్చిన వాక్యం ఎప్పుడూ తల దువ్వుకుని, పౌడరు రాసుకుని వస్తుంది. నా మనసు కీడు శంకించింది. చిరునామా పట్టుకుని పోయాను. అక్కడ గొడుగులు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. ‘కాఫీ కొట్టు ఎప్పుడో ఎత్తేశారండీ. ఏదో పాత పుస్తకం పట్టుకుని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వస్తుంటారు, నేను గొడుగు అంటగడుతుంటాను’ అన్నాడు.

అంటే, అక్షరం తప్పు చదివాను గానీ విషయం సరిగ్గానే చదివానన్నమాట.

కోపం వచ్చింది. మళ్ళీ వెంటనే, ఆ వానలో ఆరు కొట్ల కోసం తడిసి, ఏడోదానికి ఓపిక లేక ఎంత అలిసిపోయి ఉంటావోనని బాధేసింది. కానీ బాధ వేరు, పరీక్ష వేరు. మీ పెద్దాయన దగ్గర ఆరు పేజీలకి సంతకం పెట్టాను. ఏడోది ఇంకా దిద్దుతున్నానన్నాను. అది అబద్ధం కాదు.

ఇక అసలు మాట. తిరుగు దారిలో నాకు ఒక కొట్టు కనపడింది. చిన్నది, సొంతంగా నడిపేది, మిగతా ఆరింటినీ తలదన్నేది. చిరునామా చెప్పను. చెబితే నన్ను చూసి రాసినదానివవుతావు. రేపు తెరిచినప్పటి నుంచి మూసేదాకా అందులోనే కూర్చుంటాను. కాళ్ళున్నాయి, ముక్కుంది, నడిచి కనుక్కో. శనివారానికి ఇంకా టైముంది.

నీ పక్కనే ఉన్న,
మామయ్య

తా.క. మీ అత్తయ్యకి ఇవేవీ చెప్పకు. ‘కాఫీ ఏమోనండీ’ అన్న మాట ఆవిడ ఇంకో జన్మ దాకా వదలదు.

* * *

మామయ్యకి,

నీ లాడ్జి తలుపు కింద నుంచి ఈ ఉత్తరం తోస్తున్న చిట్టి నమస్కారాలు.

అవును, ఏడో పేజీ దించాను. వాన వంక పెట్టను. ఆరింటిలో నువ్వు ఒక్క తప్పూ పట్టలేకపోయావు చూడు, అందుకు నాకెంత సంతోషంగా ఉందో, ఏడోదానికి అంత సిగ్గుగా ఉంది. ఆ పేజీ పొద్దున్నే ఆఫీసుకి పోయి నా చేత్తోనే చింపేశాను. పెద్దాయనకి ఉన్న సంగతి చెప్పాను. ఆయన ఈసారి నిలబడలేదు, కూర్చునే విన్నారు. ‘శనివారం దాకా’ అన్నారు, అంతే.

రోజంతా నడిచాను. నీ కొట్టు దొరకలేదు.

ఇంకొకటి దొరికింది. ఒకప్పుడు బస్సు కండక్టరుగా చేసినావిడ నడుపుతోంది. బోర్డు లేదు. కాఫీ దిగగానే ఈల ఊదుతుంది, వీధి చివర వాళ్ళు కూడా వచ్చేస్తారు. లోపలికి అడుగుపెట్టగానే ‘ముందుకి జరగండి, ముందుకి జరగండి’ అని తోస్తుంది. కుర్చీలు తక్కువ, అరుపులు ఎక్కువ. నేను తాగిన మొదటి కప్పు నా చేతి మీదే ఒలికించి, నన్నే కసిరింది. రెండో కప్పు తాగాక ఆవిడ కసిరినా నాకు వినపడలేదు. అక్కడే కూర్చుని పేజీ రాశాను. ఒక్క మాట కూడా తల దువ్వుకోలేదు, కావాలంటే నీ గద్ద కళ్ళతో చూసుకో.

నీ కొట్టు కంటే ఇది బాగుంటుందని పందెం. నువ్వొచ్చి తాగి, నిజమని సంతకం పెడితేనే నాకు ఉద్యోగం. కానీ చిరునామా చెప్పను. చెబితే నన్ను చూసి దిద్దినవాడివవుతావు. రేపు తెరిచినప్పటి నుంచి నేను కిటికీ పక్కనే కూర్చుని ఉంటాను. కాళ్ళున్నాయి, ముక్కుంది. చెవి మాట నేను ఎత్తను. కాస్త త్వరగా నడు.

నీ కోసం ఎదురుచూసే,
చిట్టి

తా.క. అత్తయ్యకి ఫోను చేసి అంతా చెప్పేశాను. పొద్దున్నే మొదటి బస్సుకి బయల్దేరుతోంది. తనకి మాత్రం చిరునామా ఇచ్చాను.